స్టైపెండ్ లేనిదే క్రెడిట్లు వద్దు

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో 2020-21 నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. నాలుగేళ్ల డిగ్రీలో నాలుగో సెమిస్టర్ తర్వాత 60 నుంచి 120 గంటలు పనిలో గడపాలని యూజీసీ కూడా చెబుతోంది. ఉద్దేశం మంచిదే. అయితే లక్షల మందికి ఒకేసారి పని నేర్పే సంస్థలు ఎన్ని ఉన్నాయో లెక్క చూడకుండానే నిబంధన పెట్టేశారు. దాంతో ఫీజు తీసుకుని, నాలుగు వీడియోలు చూపించి సర్టిఫికెట్ చేతిలో పెట్టే వ్యాపారం పుట్టుకొచ్చింది. కాలేజీకి రికార్డు అందుతుంది, విద్యార్థి ఖాతాలో క్రెడిట్లు పడతాయి, పని మాత్రం ఎవరికీ రాదు. ఈ తంతుకు తెరపడాలంటే స్టైపెండ్ ఇవ్వని ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు ఇవ్వడం మానేయాలి.

ఇంటర్న్‌షిప్ ఉద్యోగానికి దారి చూపుతుందనడంలో సందేహం లేదు. 2013లో అమెరికా ఆర్థికవేత్తలు కల్పిత రెజ్యూమెలను కంపెనీలకు పంపి చూశారు. చదువులో ఉండగా ఇంటర్న్‌షిప్ చేసినట్లున్న వాటికి ఇంటర్వ్యూ పిలుపులు సుమారు 14 శాతం ఎక్కువ వచ్చాయి. కానీ అన్ని ఇంటర్న్‌షిప్‌ల ఫలితం ఒకటి కాదు. అక్కడి కళాశాలలు, యాజమాన్యాల జాతీయ సంఘం సర్వేల్లో స్టైపెండ్ తీసుకున్నవారికి దక్కిన ఉద్యోగ అవకాశాలు ఉచితంగా చేసినవారి కంటే స్పష్టంగా ఎక్కువ. డబ్బిచ్చే సంస్థలు చురుకైనవారినే ఏరుకుంటాయి కాబట్టి ఈ తేడా అంతా స్టైపెండ్ వల్లేనని అనలేం. అయినా జేబులోంచి డబ్బు తీసిన యజమాని ఆ కుర్రాడికో అమ్మాయికో అసలు పని అప్పగిస్తాడు, పర్యవేక్షకుణ్ని పెడతాడు. రేపు ఉద్యోగమిచ్చేవారు అడిగేది ఆ పని గురించే.

చిన్న సంస్థలు ఈ భారం మోయలేవని, చివరికి ఉన్న అవకాశాలూ పోతాయని కొందరంటారు. భారమైన చోట ప్రభుత్వం వాటా పంచుకోవచ్చు. రెగ్యులర్ విద్యార్థులకు వర్తించకపోయినా, 2024లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం అదే పద్ధతిలో నెలకు 5,000 రూపాయల్లో 4,500 కేంద్రమే భరించేలా రూపొందింది. దాని తొలి విడతలో కంపెనీలు 82 వేలకు పైగా ఆఫర్లు ఇస్తే చేరినవారు దాదాపు 8,700 మందే. ఇల్లు వదిలి దూరం వెళ్లాల్సి రావడం ఇందుకు ఒక ప్రధాన కారణం. ఆ కాస్త డబ్బు ఉన్నా కదలలేనివారిని, పైసా ఇవ్వకుండా హైదరాబాద్‌లోనో విశాఖలోనో హాస్టల్ అద్దె కట్టుకుని అనుభవం సంపాదించుకోమనడం న్యాయమా? అనుభవమే జీతమనే వాదన ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగలవారికే చెల్లుతుంది. శ్రీకాకుళం, ఆదిలాబాద్ పల్లెల నుంచి వచ్చి చదువుకుంటున్నవారికి అది మూసిన తలుపే.

నెలలు తగ్గినా ఫర్వాలేదు, పని నిజమైనదిగా ఉండాలి. సొంత జిల్లాలోని సహకార బ్యాంకులు, ఆసుపత్రులు, మిల్లులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలతో విశ్వవిద్యాలయాలే ఒప్పందాలు చేసుకోవాలి. స్టైపెండ్ బ్యాంకు ఖాతాలో పడిన దాఖలా, పర్యవేక్షకుడి పేరు, చేసిన పని వివరం చూశాకే క్రెడిట్లు ఇవ్వాలి. విద్యార్థుల నుంచే ఫీజు వసూలు చేసే సంస్థలను ఉన్నత విద్యామండళ్లు జాబితాలోంచి తీసేయాలి. అంతవరకూ తప్పనిసరి అనే షరతును పక్కన పెట్టడమే విద్యార్థులకు మేలు.