కొకైన్ వ్యసనం: మెదడులో తేడా ముందుదా, తర్వాతదా?

వాట్‌గంజ్ (కోల్‌కతా): ఖిదిర్‌పూర్ రేవును ఆనుకుని ఉన్న వాట్‌గంజ్‌కు, 18వ శతాబ్దం చివర అక్కడ ఓడల నిర్మాణానికి పూనుకున్న కర్నల్ హెన్రీ వాట్సన్ మీదుగా ఆ పేరు వచ్చింది. ఓడల్లో ఈ నగరానికి వచ్చిన ఒక సరుకును ఇప్పుడు దాదాపు అందరూ మరచిపోయారు. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో ఐరోపా నుంచి, తర్వాత జపాన్ నుంచి కొకైన్ దొంగచాటుగా కలకత్తా రేవుకు చేరేది. జర్మనీకి చెందిన మెర్క్ ముద్ర ఉన్న సరుకుకు గిరాకీ ఎక్కువ. వాడినవారిలో అత్యధికులు దాన్ని ముక్కుతో పీల్చలేదు. తమలపాకులో సున్నంతో పాటు చుట్టి కిళ్ళీగా నమిలారు.

అదే నగరంలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో ఔషధశాస్త్ర ఆచార్యుడు రామ్‌నాథ్ చోప్రా, గురుబక్ష్ చోప్రాతో కలిసి భారతదేశంలో కొకైన్ అలవాటుపై 1931లో ఒక సుదీర్ఘ పరిశోధన వ్యాసం ప్రచురించారు. అంతకుముందు ఏడాదే ప్రమాదకర మాదక ద్రవ్యాల చట్టం వచ్చింది. ఒకే మత్తు ఒకరిని వదిలిపెట్టి మరొకరిని ఎందుకు పట్టుకుంటుందన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి బతికున్న మనిషి మెదడులోకి చూసే సాధనం ఆనాటి వైద్యులకు లేదు. ఇప్పుడు ఉంది. అది చెబుతున్నదాన్ని సరిగా చదవడమే సమస్య.

ఎంఆర్‌ఐ పరిశోధనలు రెండు దశాబ్దాలుగా స్థూలంగా ఒకే చిత్రాన్ని చూపుతున్నాయి. కొకైన్‌కు బానిసలైనవారిలో నుదుటి వెనుక, కనుగుంతలకు పైన ఉండే ఆర్బిటోఫ్రంటల్ భాగంలో గ్రే మ్యాటర్ తక్కువగా కనిపిస్తుంది. ఒక పని వల్ల కలిగే లాభనష్టాలను బేరీజు వేయడంలో ఆ భాగానిది ముఖ్య పాత్ర. శరీరం లోపలి స్థితిని గ్రహించే ఇన్సులాలోనూ ఇటువంటి తగ్గుదలే కనబడింది. అలవాట్లు స్థిరపడే లోపలి కేంద్రాల్లో మాత్రం కొన్ని అధ్యయనాలు పెరుగుదలను గుర్తించాయి.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన కారెన్ ఎర్షే బృందం 2012లో మరింత కలవరపెట్టే అంకెలను వెల్లడించింది. కొకైన్‌కు బానిసలైన 60 మందిని, ఆ అలవాటు లేని 60 మందిని పోల్చగా, వయసుతో పాటు తగ్గే గ్రే మ్యాటర్ మామూలువారిలో ఏడాదికి 1.69 మిల్లీలీటర్లు, బానిసల్లో 3.08 మిల్లీలీటర్లుగా తేలింది. మెదడు దాదాపు రెట్టింపు వేగంతో ముసలిదవుతోందని వార్తలు వచ్చాయి. అయితే ఆ అధ్యయనం అవే మెదళ్లను ఏళ్ల తరబడి గమనించి చేసినది కాదు. వేర్వేరు వయసులవారిని ఒకసారి స్కాన్ చేసి గీసిన గీత. మత్తు వల్ల నష్టం జరిగిందా, అప్పటికే తేడా ఉన్న మెదళ్లే మత్తు వైపు మళ్లాయా అన్నది అలాంటి ఫొటోతో తేలదు.

ఆ చిక్కుముడిని విప్పేందుకు అదే బృందం అదే ఏడాది ‘సైన్స్’ పత్రికలో మరో అధ్యయనం ప్రచురించింది. ఈసారి కొకైన్ వంటి ఉత్ప్రేరకాలకు బానిసలైన 50 మందితో పాటు, ఏ వ్యసనమూ లేని వారి సొంత అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను 50 మందిని, ఏ బంధుత్వమూ లేని మరో 50 మందిని పరీక్షించారు. తెరపై బాణం గుర్తు కనబడగానే మీట నొక్కాలి. మధ్యలో శబ్దం వినిపిస్తే ఆగిపోవాలి. బానిసలు ఆగలేకపోవడం ఊహించినదే. వ్యసనం లేని తోబుట్టువులు కూడా దాదాపు అంతే తడబడ్డారు. నిగ్రహానికి సంబంధించిన నుదుటి భాగాన్ని మిగతా మెదడుతో కలిపే తంతువుల్లో లోపం ఇద్దరిలోనూ ఉంది. పుటామెన్, అమిగ్డలా వంటి భాగాల పరిమాణంలోనూ ఉమ్మడి తేడాలు బయటపడ్డాయి.

అంటే ఆ తేడాల్లో కొంత భాగం మత్తు చేసిన గాయం కాదు, కుటుంబంలో ముందునుంచే ఉన్న బలహీనత. ఇది ఒక సగం మాత్రమే. దాదాపు అదే మెదడుతో, అదే ఇంట్లో పెరిగిన తోబుట్టువు వ్యసనంలో పడలేదన్నది రెండో సగం. పతాక శీర్షికల్లో ఎప్పుడూ మొదటిదే నిలిచింది. మెదడు స్కాన్ ఎవరి జాతకమూ కాదని ఆ 50 మంది తోబుట్టువులే సాక్ష్యం. వారిని కాపాడినదేమిటో తెలిస్తే చికిత్సకు కొత్త దారి దొరుకుతుంది.

దేశంలో కొకైన్ వాడకం తక్కువే. ఎయిమ్స్ నిర్వహించి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం వినియోగదారులు జనాభాలో 0.10 శాతం, సుమారు 10.7 లక్షల మంది. నల్లమందు జాతి మత్తు పదార్థాలు వాడేవారు 2.1 శాతం. హైదరాబాద్‌లో కొకైన్ కేసు వెలుగుచూసిన ప్రతిసారీ చర్చ ప్రముఖుల పేర్ల దగ్గరే ఆగిపోతుంది కనుక ఈ నిష్పత్తి మరుగున పడుతోంది. కానీ కొకైన్‌కు ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. హెరాయిన్ బానిసలకు బుప్రెనార్ఫిన్, మెథడోన్ వంటి మందులున్నాయి. కొకైన్ వ్యసనానికి ఆమోదం పొందిన మందు ఏదీ లేదు. మిగిలింది కౌన్సెలింగ్, మత్తు తీసుకోలేదని పరీక్షలో తేలిన ప్రతిసారీ చిన్న ప్రోత్సాహకం ఇచ్చే పద్ధతి. రెండింటికీ కావలసింది నెలల తరబడి ఓపిక.

ఇక్కడే చట్టం ఎదురవుతుంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం 2 గ్రాముల వరకు కొకైన్ ‘స్వల్ప పరిమాణం’. అంత మాత్రం దగ్గర ఉన్నా, వాడినా ఏడాది వరకు జైలు పడవచ్చు. అదే చట్టంలోని 64ఎ సెక్షన్ మరో తలుపు తెరిచింది: స్వల్ప పరిమాణంతో దొరికిన బానిస ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో స్వచ్ఛందంగా చికిత్సకు సిద్ధపడితే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు లభిస్తుంది. రేవు వీధిలో చిన్న పొట్లంతో పట్టుబడిన కూలీకీ, హోటల్ గదిలో పట్టుబడిన సంపన్నుడికీ కాగితం మీద ఈ హక్కు ఒకటే. దాని గురించి చెప్పే న్యాయవాది మాత్రం ఇద్దరికీ సమానంగా దొరకడు.

ఆ మినహాయింపునకు ఒక షరతు ఉంది. చికిత్స పూర్తి చేయకపోతే దాన్ని ఉపసంహరించుకోవచ్చు. నిగ్రహానికి సంబంధించిన మెదడు మార్గాలే బలహీనంగా ఉన్న రోగి మధ్యలో తప్పిపోవడం వైద్యుడి దృష్టిలో జబ్బు లక్షణం. న్యాయస్థానంలో అది షరతు ఉల్లంఘన అవుతుంది. ‘ఉపసంహరించుకోవచ్చు’ అన్న మాటలో చట్టం విచక్షణకు చోటు ఉంచింది. ఒకసారి తప్పిన రోగిని తిరిగి ఆసుపత్రికి పంపాలా, జైలుకు పంపాలా అన్నది ఆ విచక్షణను ఎవరు, ఏ సమాచారంతో వినియోగిస్తారన్న దానిపై ఆధారపడి ఉంది.