నల్ల గొడుగు ఆకుపచ్చగ తిరిగితే

పోయిన నెల ఒక అక్క రాసింది: "మా మామ దాచిపెట్టిన పాత నూలు గొడుగు మడతల కాడ ఆకుపచ్చగ తిరిగింది. బూజా? రంగు పోయిందా?"

రెండూ కాకపోవచ్చు అక్కా. పాతకాలం నల్ల గొడుగు గుడ్డకు ఎక్కువగా అనిలిన్ బ్లాక్ వేసేవాళ్లు. రంగు ఖాతాలో చేసినోళ్లకు ఇది తెలుసు. మామూలు రంగులు డబ్బాలో తయారై వస్తాయి. ఇది అట్ల కాదు, నూలు పోగులోనే పుడుతుంది. అనిలిన్ నూనెను ఆమ్లంలో కలిపి, క్లోరేటు, కొంచెం రాగి ఉప్పు చేర్చి, గుడ్డను అందులో ముంచి పిండి, వెచ్చటి తేమ గదిలో తిప్పుతారు. చిన్న చిన్న అణువులు చెయ్యీ చెయ్యీ పట్టుకొని పొడుగాటి గొలుసులైతాయి. ముందు ఆకుపచ్చ వస్తుంది, చివరికి బైక్రోమేటు నీళ్లలో వేస్తే గట్టి నలుపు. 1863లో ఇంగ్లండు లాంకషైర్‌లో జాన్ లైట్‌ఫుట్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. చివరి పని సరిగ్గా చెయ్యకపోతే, బొగ్గు పొగలోని గంధకం తగిలి నలుపు మళ్లీ ఆకుపచ్చకు తిరుగుతుంది.

ఆ ఆకుపచ్చ గొలుసు పేరు పాలీఅనిలిన్. ప్లాస్టిక్ జాతిదే, కానీ కరెంటు పారనిస్తుంది! ఇట్లాంటి ప్లాస్టిక్‌ల మీద పనికే 2000లో హీగర్, మెక్‌డయర్మిడ్, షిరకావాలకు నోబెల్ వచ్చింది.

ఇనుము మీద దీని పని ఇంకా వింత. 1985లో డీబెర్రీ స్టెయిన్‌లెస్ స్టీలుకు దీన్ని పట్టించి, ఆమ్లంలో పెట్టినా చాలాసేపు తినకుండా ఉండటం చూశాడు. ఇది ఇనుము నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది. అప్పుడు ఇనుము మీద పొరలు రాలే ఎర్ర తుప్పు కాకుండా, పలచటి గట్టి ఆక్సైడు చర్మం కడుతుంది. గొలుసు తెల్లబోతుంది, గాలిలోని ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లు తీసుకోగానే మళ్లీ ఆకుపచ్చ. అయితే పూతకు పెద్ద గీత పడితే, బయటపడ్డ చోట తుప్పు ఇంకా జోరుగా పట్టొచ్చు. అందుకే సాంచా కాళ్లకు ఇదే మందు అని ఎవరన్నా డబ్బా పట్టుకొస్తే, నేనైతే ముందు పాత ఇనుప ముక్క మీద పూసి చూస్తా.

గుడ్డలో గొలుసైపోయినాక భయం లేదు. భయమంతా పచ్చి అనిలిన్‌తోనే. మా నాయన రంగు ఖాతాలో రెండేండ్లు చేసిండు. ఒకరోజు తల తిరుగుతుందని ఇంటికొస్తే పెదవులు నీలంగ ఉన్నయి. చలి అనుకొని అవ్వ కంబళి కప్పింది. అది చలి కాదు. అనిలిన్ చర్మంలోంచే లోపలికి పోతుంది, నెత్తురు ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. డాక్టరుకు ఏం చెప్పాలో మాకు తెలియలేదు. ఇప్పుడు డయ్యింగులో చేసే పిల్లలున్న ఇండ్లు ఇది గుర్తుంచుకోండి: తడిసిన బట్టలు వెంటనే విప్పాలి, ఒళ్లు సబ్బుతో కడగాలి, దవాఖానలో "అనిలిన్" అని పేరు చెప్పాలి.

అక్కా, గొడుగు ఒక మూల కొంచెం సోడా నీళ్లలో ముంచి చూడు, మళ్లీ నల్లబడొచ్చు. మెల్లగ, ఆమ్లానికి నూలు చివికి ఉంటది. ఏమైందో రాయి.