తుక్కులో కలపకండి

పాత కారు పెద్ద జబ్బుతో మూలన పడదు. రోటర్ పగిలిందనో, కార్బురేటర్ జెట్ అరిగిందనో, ఓ స్టడ్డు దొరకలేదనో నెలల తరబడి షెడ్డులో ఉండిపోతుంది. పోనీ కంపెనీని అడుగుదామా అంటే, తయారీయే లేదు. చెన్నైలో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ 1970లలోనే ఆగింది. ప్రీమియర్ పద్మిని 2000 ప్రాంతంలో, అంబాసిడర్ 2014లో ఆగిపోయాయి. ఇక దిక్కు పుదుపేటలాంటి పాత సామాను బజారు, లేదంటే ఇంకో ఓనరు అటక మీది రేకు డబ్బా.

ఆ డబ్బా గురించే ఈ నాలుగు మాటలు. ‘రేపెప్పుడో పనికొస్తుంది’ అని ఎవరికి వారు దాచుకుంటే ఎవరి బండీ కదలదు. మీ దగ్గర రెండున్న డిస్ట్రిబ్యూటర్ కోసం ఇంకొకరు ఊళ్లు తిరుగుతుంటారు.

ప్రభుత్వ తీరూ విచిత్రమే. 50 ఏళ్లు దాటి, అసలు రూపు చెడని బండికి వింటేజ్ గుర్తింపు ఇస్తామంటూ 2021లో నిబంధన తెచ్చారు. మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును 600 నుంచి 5 వేలకు పెంచారు. ఆ ఖర్చుకు జడిసి బండిని తుక్కుకిస్తే, పక్కవాడి బండి అసలు రూపు నిలబెట్టాల్సిన సామాను కూడా కిలోల లెక్కన పోతుంది. తుక్కు బేరం కుదరకముందే చిన్న సామాను విప్పి పక్కన పెట్టుకోండి. ఆ సంగతి కొనేవాడికి ముందే చెప్పండి.

అలాగని ప్రతిదీ మార్చుకునేది కాదు. ఇత్తడి జెట్లు, రాకర్ కవర్, పుల్లీ, కార్బురేటర్ బాడీ బాగుంటే మళ్లీ వాడుకోవచ్చు. ఎస్‌యూ కార్బురేటర్‌లో పిస్టన్, దాని పైమూత జోడీగా తయారవుతాయి. ఒకదాన్ని విడదీసి ఇస్తే రెండూ దండగే. హెడ్ గ్యాస్కెట్, ఆయిల్ సీళ్లు, పెట్రోల్ గొట్టం, పంపు డయాఫ్రం మాత్రం ఎంత కొత్తగా కనిపించినా పాతవి తీసుకోవద్దు. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. దానికి ఆనాటి రబ్బరు ఆగదు. కారిన పెట్రోల్ వేడి ఇంజన్ మీద పడితే ఏమవుతుందో ఏ మెకానిక్‌నైనా అడగండి.

సరిహద్దు జనానికి ఒక వెసులుబాటుంది. కారు వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే ఎన్‌వోసీ, మళ్లీ రిజిస్ట్రేషన్ తప్పవు. రోటర్‌కు ఆ గొడవ లేదు, హోసూరులో బస్సెక్కిస్తే బళ్లారిలో దింపుకోవచ్చు. కాకపోతే ఏ మోడల్‌ది, ఏ ఏడాదిది, ఎవరిచ్చారు అన్నది చీటీ రాసి కట్టండి. దొంగ సామాను అన్న అనుమానం వస్తే ఆ చీటీయే ఆధారం. ఇక ఇంజన్ నంబరున్న బ్లాకు జోలికి మాత్రం ఆర్టీఓ ఆఫీసుకు చెప్పకుండా పోవద్దు.