గడ్డం సబ్బు – గంధం వాసన

ఆడవాళ్ల పేజీలో గడ్డం సబ్బు గురించి రాయడమేమిటని నవ్వుకుంటున్నారా? నవ్వండి, ఫరవాలేదు. రెండేళ్ల క్రితం ఎవరైనా ఈ మాట అంటే నేనూ నవ్వేదాన్నే. షేవింగ్ సామాను మగవాళ్ల వ్యవహారం, మనకేం పని అనుకునేదాన్ని. ఇవాళ మా ఇంట్లో ఆ బ్రష్షు, ఆ గిన్నె నా చేతిలోనే ఉంటున్నాయి.

మా మామయ్యగారు హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యారు. తెల్లవారుజామున అయిదింటికి లేచి, కిటికీ ఊచకి అద్దం తగిలించుకుని, నున్నగా గడ్డం గీసుకుంటేగానీ కాఫీ ముట్టుకునేవారు కాదు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు తప్పలేదు. అలాంటి మనిషికి రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది.

మొదట్లో వారానికి రెండుసార్లు ఇంటికొచ్చి గడ్డం చేసే అతను ఉండేవాడు. అతను కొడుకు దగ్గరికి వేరే ఊరు వెళ్లిపోయాడు. తర్వాత మావారే డ్యూటీకి వెళ్లే హడావిడిలో డబ్బా నురగ కొట్టి నాలుగు గీతలు గీసేవారు. మెడ కింద మంట, ఎర్రటి పొక్కులు. రక్తం పలచబడడానికి మాత్ర వేసుకుంటారేమో, చిన్న గాటు పడినా ఒక పట్టాన ఆగేది కాదు. చివరికి రేజరు కనబడితే చాలు, మామయ్యగారు గోడవైపు తిరిగిపోయేవారు. మాసిన గడ్డంతో నలుగురికీ కనబడడం ఇష్టంలేక సాయంత్రంపూట అరుగు మీద కూర్చోవడం మానేశారు. పాత శిష్యులెవరైనా చూడ్డానికొస్తే నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకునేవారు. అది చూశాక నాకు మనసు ఆగలేదు.

"నేను చేస్తాను మామయ్యగారూ" అన్నాను ఒకరోజు. "కోడలిచేత గడ్డం గీయించుకుంటారుటే ఎవరైనా!" అని అత్తయ్యగారు నోరు నొక్కుకున్నారు. నాకూ బెరుకుగానే ఉంది. డాక్టరుగారిని అడిగితే, ఆయన వాడే మాత్రకి భయం లేదు, రెండు బ్లేళ్ల రేజరుతో మెల్లగా చెయ్యమన్నారు. మందు గట్టిదైతే మాత్రం కరెంటు ట్రిమ్మరే మేలన్నారు. మీ ఇంట్లో అలాంటి మందులు వాడేవాళ్లుంటే ముందు డాక్టరుని అడగండి.

అదే వారం డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి ఫోన్ చేసినప్పుడు ఇదంతా చెప్పాను. "అమ్మా, తప్పు డబ్బాది కాదు, తొందరది. తాతయ్యకి బ్రష్షుతో నురగ తీసే సబ్బయితే బావుంటుంది. నేను వచ్చేటప్పుడు తెస్తాను" అన్నాడు. వాడు చెబితే తెలిసింది, ట్యూబులు, డబ్బాలు వచ్చాక వెనకబడిపోయిన గడ్డం సబ్బుని అమెరికాలో చిన్న చిన్న తయారీదార్లు మళ్లీ చేతితో, కొద్దికొద్దిగా కాచి అమ్ముతున్నారట. మనం ఊరగాయలో ఒక్కో ఇంటి పాళ్లు ఒక్కోలా ఉంటాయంటామే, అలాగ ఒక్కొక్కరి సబ్బుకి ఒక్కో పాళ్లు, ఒక్కో వాసన.

ఒంటి సబ్బు ఎందుకు పనికిరాదు?

సబ్బంటే కొవ్వూ, క్షారమూ కలిస్తే వచ్చేది. ఒంటి సబ్బులో కాస్టిక్ సోడా వేస్తారు కాబట్టి అది గట్టి బిళ్లగా వస్తుంది. నురగ పొంగుతుంది, క్షణంలో చప్పబడిపోతుంది. గడ్డం సబ్బులో ఎక్కువ భాగం కాస్టిక్ పొటాష్. అందుకని మెత్తగా ఉండి త్వరగా నీళ్లలో కలుస్తుంది. కొవ్వుల్లో చాలామంది సగం దాకా స్టియరిక్ ఆమ్లమే వేస్తారు. నురగ మీగడలా చిక్కగా వచ్చి, బ్లేడు ఆడుతున్నంతసేపూ చెంప మీద నిలబడేది దానివల్లే. కొంచెం కొబ్బరినూనె, షియా వెన్న వేస్తారు. సబ్బు కాగేటప్పుడు పుట్టే గ్లిజరిన్‌ని తియ్యకుండా ఉంచేస్తారు. చర్మం పిడచకట్టకుండా అది కాపాడుతుంది.

ఇంట్లో కాచేద్దామని మాత్రం సరదాపడకండి. ఈ క్షారాలు చర్మాన్ని, కళ్లని కాల్చేస్తాయి. పిల్లలు తిరిగే వంటింట్లో అది పెట్టుకోవద్దు.

మూడు డబ్బాల కథ

మా అబ్బాయి మూడు రకాలు పట్టుకొచ్చాడు. మొదటిది "బే రమ్" వాసన. వెస్టిండీస్‌లోని సెయింట్ థామస్ దీవిలో ఒక చెట్టు ఆకుల్ని రమ్‌లో వేసి తీసిన పరిమళం నుంచి వచ్చిన పేరిది. ఆ ఆకు మన బిర్యానీ ఆకు కాదు. మూత తియ్యగానే లవంగాల డబ్బా తెరిచినట్టు ఘాటుగా ఉంది. లవంగంలో ఉండే యూజినాలే దీన్లోనూ ఉంటుందట. మా మామయ్యగారి పొక్కుల మీద తగలగానే "మంట, మంట" అని తల విదిలించేశారు. వెంటనే కడిగేశాను. పొక్కులున్న చర్మానికి ఘాటు వాసన సబ్బు వాడకూడదని నాకప్పుడు తెలియదు.

పదిరోజులు ఆగి, పొక్కులు తగ్గాక రెండోది తీశాను. దాని వాసనని "ఫూజేర్" అంటారు. ఫ్రెంచి భాషలో ఫెర్న్ మొక్క అని అర్థం. తమాషా ఏమిటంటే ఆ మొక్కకి చెప్పుకోదగ్గ వాసనే లేదు! 1882లో పారిస్‌లోని హూబిగాన్ కంపెనీ "ఫూజేర్ రొయాల్" అనే అత్తరు తెచ్చింది. లావెండర్, చెట్లమీద పట్టే ఓక్‌మాస్ అనే పాచి, కూమరిన్ అనే పదార్థం దానికి ఆధారం. కూమరిన్ వాసన కోసిన గడ్డి ఎండుతున్నప్పుడు వచ్చే తియ్యటి వాసన. దాన్ని 1868లోనే ప్రయోగశాలలో తయారుచేశారు. పాశ్చాత్య దేశాల మంగలిషాపుల వాసన అని చెప్పుకునే దాంట్లో సగం ఈ ఫూజేర్ బాపతే.

ఈ సబ్బు చక్కగా కుదిరింది. నాలుగుసార్లు వాడాను కూడా. అయిదోసారి కళ్లజోడు పెట్టుకుని డబ్బా వెనక చదివితే "టాలో" అని ఉంది. అదేమిట్రా అని అబ్బాయిని అడిగితే, పశువుల కొవ్వు అన్నాడు! అత్తయ్యగారి సంగతి ఇక చెప్పాలా? గిన్నె, బ్రష్షు రెండూ వీధి అవతల పారేయించి ఆ గదంతా కడిగించారు. డబ్బా మీద స్పష్టంగానే రాసి ఉంది. ముందే చదవకపోవడం నాదే తప్పు. కాబట్టి ఆ పట్టింపు ఉన్నవాళ్లు "టాలో", "టాలోవేట్", "లార్డ్" అన్న మాటలున్నాయేమో చూసుకోండి. స్టియరిక్ ఆమ్లం మొక్కల నుంచీ తీస్తారు, కొవ్వు నుంచీ తీస్తారు. "వీగన్" అని రాసి ఉంటే ఆ దిగులుండదు.

మూడోది గంధం. ముందే చదివాను, అందులో టాలో లేదు. కొత్త బ్రష్షుతో నురగ తీసి చెంపకి రాయబోతుంటే మామయ్యగారు నా చెయ్యి ఆపి, బ్రష్షుని ముక్కు దగ్గరికి లాక్కున్నారు. "మై... సూరు" అన్నారు. నాకర్థం కాలేదు. అత్తయ్యగారికి అర్థమైంది. 1966లో ఆయన బి.ఇడి. చదివింది మైసూరులోని రీజనల్ కాలేజీలో. సెలవులకి వస్తూ ఆవిడకి గంధం సబ్బులు తెచ్చేవారట. మైసూరు సంస్థానం 1916లోనే గంధపు నూనె తీయించడం మొదలుపెట్టింది. మొదటి ప్రపంచయుద్ధంవల్ల యూరప్‌కి గంధం చెక్క పంపడం ఆగిపోతే, ఇక్కడే నూనె తీయిద్దామనుకున్నారు. ఆ నూనెతోనే సబ్బూ వచ్చింది. ఇవన్నీ ఆరోజు అత్తయ్యగారు తువ్వాలు పట్టుకుని నిలబడి చెప్పినవే. మామయ్యగారు మొహం తిప్పుకోకుండా పూర్తిగా గడ్డం చేయించుకున్న మొదటి రోజది.

ఇంకా రకరకాల వాసనలున్నాయి. ఇటలీలో 1899 నాటి చెల్లా సబ్బుకి చేదుబాదం వాసన. 1948లో వచ్చిన ప్రొరాసోలో యూకలిప్టస్, పుదీనా చలవ. మన వట్టివేరు కూడా అక్కడ "వెటివర్" పేరుతో గొప్పగా అమ్ముడుపోతుంది. అసలు గంధపు నూనె ఖరీదెక్కువ కాబట్టి చాలా సబ్బుల్లో ఉండేది తయారుచేసిన పరిమళమే. అందులో చెడేమీ లేదు. ప్రకృతిసిద్ధమైనవన్నీ చర్మానికి పడాలనీ లేదు. లవంగనూనె ప్రకృతిసిద్ధమైనదేగా!

నురగ తీసే పద్ధతి

* బ్రష్షుని రెండు నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచి పిండెయ్యండి. సబ్బు మీద అరనిమిషం గుండ్రంగా తిప్పి, గిన్నెలోకి మార్చి, చెంచాడు చెంచాడు నీళ్లు పోస్తూ చిలకండి. పెద్ద బుడగలుంటే నీళ్లెక్కువైనట్టు, పిండిలా పొడిగా ఉంటే చాలనట్టు. మెరుస్తూ గడ్డపెరుగు మీది మీగడలా ఉండాలి.

* బోరునీళ్లతో నురగ రాదు, తెట్టె కడుతుంది. నేను మొదట సబ్బుదే లోపమనుకున్నాను. అరగ్లాసు ఫిల్టరు నీళ్లు చాలు.

* ముందు గోరువెచ్చని తడి తువ్వాలు రెండుమూడు నిమిషాలు మొహానికి కప్పితే వెంట్రుక మెత్తబడుతుంది. పక్షవాతం వచ్చిన వైపు వేడి తెలియకపోవచ్చు. తువ్వాలు మీ మణికట్టుకి ఆనించుకుని చూసుకోండి.

* మనిషిని నిటారుగా కూర్చోబెట్టండి. జారిన చెంపని వేళ్లతో పైకి లాగి పట్టుకుని, వెంట్రుక మొలిచిన దిశలోనే గియ్యండి. ఎదురు గియ్యొద్దు. నొక్కొద్దు.

* చివర చన్నీళ్లతో కడిగి, తడి పటిక ఒకసారి రాసి, మళ్లీ కడిగి, వాసనలేని క్రీము రాయండి.

* బ్రష్షు దులిపి గాలి తగిలేలా ఆరబెట్టండి. సబ్బు డబ్బా ఆరాకే మూతపెట్టండి.

కొనేముందు

ముందు చర్మాన్ని చూడండి, తర్వాతే ముక్కుని. గజ్జి, పొక్కులు, ఎలర్జీ ఉంటే వాసనలేనిదే కొనండి. కొత్త సబ్బు నురగని మోచేతి మడతలో కాసేపు రాసి కడిగి, ఒకటి రెండురోజులు చూసి మొహానికి వాడండి. ఎలర్జీ తెచ్చే పరిమళద్రవ్యాలు 26 రకాల పేర్లు విడిగా రాయాలని యూరప్‌లో 2005లో నిబంధన వచ్చింది. యూజినాల్, కూమరిన్, లినలూల్ వాటిలోవే. ఏది పడలేదో తెలిస్తే ఆ పేరు గుర్తుపెట్టుకుంటే సరి. ఇక ఖర్చంటారా? నాలుగు ఔన్సుల డబ్బా, అంటే సుమారు 113 గ్రాములు, వారానికి మూడుసార్లు చొప్పున మాకు ఆరు నెలలకి సగమే అయింది. విదేశీ సబ్బే కావాలనేం లేదు. గడ్డం సబ్బు ఏ దేశానిదైనా బ్రష్షుతో ఓపిగ్గా నురగ తీస్తే బాగానే ఉంటుంది.

ఇప్పుడు సోమ, గురు, శనివారాల్లో పొద్దున్న మావారు వెళ్లగానే మామయ్యగారు ఎడమచేత్తో చెంప తడుముకుని నావంక చూస్తారు. తువ్వాలు అత్తయ్యగారే తడిపి తెస్తారు. సాయంత్రం అరుగు మీద కుర్చీ వేస్తున్నాం. మొన్నొక శిష్యుడొచ్చి "మాస్టారు అలాగే ఉన్నారండీ" అంటే, ఆయన కళ్లు మూసుకోలేదు.

మీ ఇంట్లోనూ మంచంపట్టిన పెద్దవాళ్లుంటే మందూ, అన్నమూ వేళకి పెడుతూనే ఉంటారు, నాకు తెలుసు. వాళ్లు ఒంట్లో బాగున్నప్పుడు ఏ సబ్బు వాడేవారో, ఏ వాసన ఇష్టపడేవారో కూడా ఒకసారి అడిగి చూడండి. ఏమంటారు?