చిత్రోత్సవము ఎవరిది?

చలనచిత్రోత్సవమనగానే మన కంటికి కట్టునవి దీపాలంకరణలు, తారల రాకపోకలు, బహుమతి ప్రదానములు. ప్రేక్షకుడు త్రాటికి వెలుపల నిలిచి చూడవలసినవాడు. కాని ఉత్సవమన్న మాటకు మన పల్లెలలో గల అర్థము వేరు. ఊరివారెల్లరు తలకింత వేసికొని, తామే నడుపుకొనునది ఉత్సవము. ఈ అర్థమున చిత్రోత్సవములు జరిపినవారు మన దేశమున లేకపోలేదు.

1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా ప్రభృతులు కలకత్తాలో ఫిలిం సొసైటీని స్థాపించిరి. ఆ ఉద్యమము చిరకాలము నగరములందలి విద్యావంతుల పరిధిని అంతగా దాటలేదు. దానిని వీధిలోనికి తెచ్చినవారిలో కేరళీయుడు జాన్ అబ్రహాం ముఖ్యుడు. ఆయన 1984లో మిత్రులతో గూడి ఒడెస్సా అను సంఘమును నెలకొల్పి, ఊరూర చిత్రములు ప్రదర్శించి, ప్రజల చందాలతో 1986లో ‘అమ్మ అరియాన్’ చిత్రమును నిర్మించెను. టిక్కెట్టు కొన్నవాడు ప్రేక్షకుడు. చందా యిచ్చినవాడు నిర్మాత. 2006లో గోరఖ్‌పూర్‌లో ఆరంభమైన ‘ప్రతిరోధ్ కా సినిమా’ ఉత్సవములు కూడ వ్యాపారసంస్థల ప్రాపకమును కాదని, ప్రజల విరాళములనే నమ్ముకొన్నవి.

తెలుగునాట సైతము ఇట్టి యత్నమునకు బీజములు కలవు. జహీరాబాదు చెంత పస్తాపూరు కేంద్రముగా పనిచేయు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు కెమెరా చేతబట్టి తమ చిరుధాన్యముల సేద్యమును, వరంగల్లు రైతులకు బి.టి. ప్రత్తి వలన గలిగిన కష్టములను చిత్రించిరి. బడికి దూరమైన చేతులు తెరపై వ్రాసిన చరిత్ర యది. అట్టి చిత్రములను మన పట్టణములలో ఎందరు చూచినారు? చూపుటకు మనము చేసిన యేర్పాటేమి?

నేడు ప్రతివాని చేతిలోను ఫోను ఉన్నది గదా, ఉత్సవమేల యనువారు కలరు. చూచుట వేరు, కలసి చూచుట వేరు. ఒంటరిగా చూచువాడు నచ్చనిచో వ్రేలితో త్రోసివేయును. పదిమందిలో చూచినవాడు లేచి ప్రశ్నించును. తీసినవాడు ఎదుట నిలిచి సమాధానము చెప్పవలెను. యువ దర్శకునకు ఇంతకన్న మంచి పాఠశాల లేదు. ఆశయము గొప్పదైనంత మాత్రమున చిత్రము గొప్పది కాదన్న సత్యమును అతనికి మొగమాటము లేక చెప్పగలది ఆ సభయే.

ఇబ్బందులు లేకపోలేదు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టము ననుసరించి ధ్రువపత్రము లేని చిత్రమును బహిరంగముగా ప్రదర్శింపరాదు. ఉత్సవములు కేంద్రప్రభుత్వమునుండి మినహాయింపు పొందవలెను. చిన్న ఊరి యువకులకు ఇది పెద్ద గడప. దీనిని సులభము చేయుట ప్రభుత్వముల విధి. ఇక చోటు మాట. చందాలతో గ్రంథాలయోద్యమమును నడిపిన జాతి మనది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నును నేటికిని చెల్లించుచున్నాము. జిల్లా గ్రంథాలయముల సభామందిరములను నెలకొక సాయంకాలము ఇట్టి చిత్రములకు విడిచిన, ఖజానాకు వచ్చు నష్టమేమి?

తెరకు కావలసినది తెల్లని గుడ్డ. తక్కినదెల్ల దాని ముందు కూర్చుండువారి పట్టుదల.