భోజనశాలకు చేరని బోధన

కర్మాగారములలోను కార్యాలయములలోను ఉద్యోగులకు పోషకాహారమును గూర్చి తరగతులు నడుపు నాచారము ఇటీవల ప్రబలుచున్నది. ఈ ప్రయత్నమును మేము మనసార స్వాగతించుచున్నాము. కాని యుపన్యాసము ముగిసి శ్రోతలు క్యాంటీనునకు పోయినప్పుడు వారి కంచములో పడునదేమి? ఈ ప్రశ్నకు సమాధానము దొరకనంతవరకు బోధన సగమే యగును.

ఆహారవిజ్ఞానము మన దేశమున నిన్న పుట్టినది కాదు. 1918లో రాబర్టు మెకారిసన్ కూనూరులో బెరిబెరి పరిశోధన మారంభించెను. మరపట్టిన తెల్లబియ్యమే ప్రధానాహారమైన మన సర్కారు జిల్లాలను ఆనాడు ఆ వ్యాధి పీడించుచుండెను. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదు చేరి, నేడు జాతీయ పోషకాహార సంస్థయై విలసిల్లుచున్నది. బెరిబెరి వెనుకబట్టినది, రక్తహీనత మాత్రము మనలను వదలలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశమున నూటికి 58.8 మంది, తెలంగాణమున 57.6 మంది రక్తహీనులు. ఉద్యోగినులును వీరిలోని వారే కదా!

నేర్పదగిన విషయములు లేకపోలేదు. 2,000 క్యాలరీల దినాహారమున ధాన్యములు 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిసి 400 గ్రాములు ఉండవలయునని ఆ సంస్థ 2024లో సూచించినది. మన కంచమున అన్నము కొండయై, కూర నంజుడు మాత్రమై యుండుట లోకవిదితము. భోజనముతోడనే తేనీరు త్రాగినచో ఆహారములోని ఇనుము ఒంటబట్టుట తగ్గును. నిమ్మరసము చేర్చినచో హెచ్చును. ఇట్టి చిన్న సంగతులు తెలిసిన చాలును, కొంత మేలు కలుగును.

అయితే భోజనమైన వెంటనే తేనీటి గిన్నెలు త్రిప్పునది యాజమాన్యమే యైనప్పుడు శ్రామికుని అజ్ఞానమును నిందించుట న్యాయమా? 250 మందికి మించిన కర్మాగారములలో క్యాంటీను నెలకొల్పించు నధికారమును 1948 నాటి కర్మాగారముల చట్టము ప్రభుత్వముల కొసగెను. దాని నిర్వహణమున శ్రామికులకు ప్రాతినిధ్యము కల్పించుటకును దారి చూపెను. 2020 నాటి శాసనము కాంట్రాక్టు కూలీలతో సహా 100 మందియున్న చోటికే ఈ నియమమును వర్తింపజేసినది. కావున వంటశాల యాజమాన్యపు దయాధర్మము కాదు, బాధ్యత.

వ్యయమధికమగునని యజమానులు వెనుదీయవచ్చును. చాలని తిండి తిన్న చేతులు చాలినంత పని చేయజాలవని వారెరుగరా? ఆ నష్టము లెక్కలకెక్కదు గాని నిత్యమును జరుగుచునేయుండును.

మేము కోరునది స్వల్పము. తరగతి పనిగంటలలోనే జరుగవలయును. విశ్రాంతి వేళను హరింపరాదు. ఉపన్యాసకుడు ముందుగా వంటవారితో మాటలాడవలయును. ఆనాడు చెప్పిన పాఠము ఆనాడే కంచములో కనబడవలయును. క్యాంటీను సంఘమున స్త్రీలకు స్థానముండవలయును. చెవికి చెప్పి కడుపును మరచిన విద్య గోడమీది ప్రకటనయై మిగులును. కంచములోనికి దిగిన విద్యయే రక్తమగును.