పాలమూరు ఎడారి కాదు

పాలమూరు మాట రాగానే ఎడారి అనడం మనకు అలవాటైపోయింది. నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే. జైసల్మేరులో ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. 2016లో పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో పడేది సుమారు 600. అయితే పడేదంతా నాలుగు నెలల్లోనే, అదీ నమ్మకం లేకుండా. మిగిలిన ఎనిమిది నెలలూ గడపడమే ఇక్కడి ప్రాణుల విద్య.

మండువేసవిలో ఏ గుట్ట మీదికైనా వెళ్లి చూడండి. సీతాఫలం చెట్టు ఆకులు రాల్చేసి ఎండుకట్టెలా నిలబడి ఉంటుంది. ఆకు లేనిచోట ఆవిరయ్యే నీరూ ఉండదు. జిల్లేడు మాత్రం ఆకులకు మైనం పూసుకొని ఎండలోనే పూస్తుంది. నాగజెముడుది మరో లెక్క (అది మనది కాదు, అమెరికా నుంచి వచ్చింది, అయినా మనకంటే బాగా ఇమిడిపోయింది). రాత్రి చల్లబడ్డాక పత్రరంధ్రాలు తెరిచి, పీల్చిన బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా దాచుకుంటుంది. తెల్లవారగానే తలుపులు మూసి, లోపల వంట మొదలుపెడుతుంది. బల్లి రెట్టలో తెల్లని చుక్కను ఎవరు చూడలేదు? అది యూరిక్ ఆమ్లం. మనం నీటితో కడిగి పారబోసే మలినాన్ని బల్లి, తొండ, ఉడుము దాదాపు పొడిగానే విసర్జిస్తాయి.

ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు. "పాలమూరు మనిషీ ఈ మొక్కల్లాగే ఓర్పుగలవాడు" అని ఆ వెంటనే మురిసిపోతామే, అక్కడే ఉంది పేచీ. జిల్లేడు ఓర్పు లక్షల ఏళ్ల పరిణామం. ముంబయికీ పుణెకూ మట్టిపనికి పోయిన కూలీ ఓర్పు అలాంటిది కాదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ దప్పికతో అల్లాడిందంటే ఆ తప్పు ఎండది కాదు. నది పల్లాన, చేను మెరకన ఉన్నాయి. పైకి తోడవలసినవారు దశాబ్దాలు తాత్సారం చేశారు. సీతాఫలం తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. పసిపిల్లలను ముసలివాళ్లకు అప్పగించి వెళ్లిన తల్లికి ఆ ఏళ్లు తిరిగి రావు.

ఇప్పుడు నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతలు వచ్చాయి. నీళ్లందినచోట వరి నాటుతున్నారు. తరతరాలుగా జొన్నగటక తాగినవాడు వరన్నం కోరుకుంటే వద్దనడానికి నేనెవరిని? నా మనవి ఒక్కటే. చేను చదును చేసేటప్పుడు గట్టు మీది జమ్మిని పిచ్చిచెట్టుగా లెక్కగట్టి నరకవద్దు. నరకాలనిపిస్తే సర్కారు తుమ్మ కావలసినంత ఉంది. కాలువకు నీళ్లు రాని ఏడు మేకలకు మేత ఆ జమ్మి కొమ్మల్లోనే దొరుకుతుంది.